రెండు మీటర్ల నీరు, వంద లీటర్ల గాలి

మొదటి రోజు

మా వాక్యూమ్ క్లీనర్‌కు తొమ్మిదేళ్లు నిండాయి. చక్రాల మీద పెట్టె, దానికో పొడవాటి గొట్టం, లోపల దుమ్ము సంచి ఉండే రకం. కొన్ని నెలలుగా దాని గొంతు పెరిగింది, పని తగ్గింది. ఈ ఉదయం తివాచీ మీద ఒక దారం ముక్కను తీయడానికి ఒకే చోట నాలుగుసార్లు తోశాను. అది కదల్లేదు. చివరికి వంగి చేత్తోనే తీశాను. "వట్టి గొడ్డుకు అరుపులెక్కువ" అంది అమ్మ పక్క గదిలోంచి.

కొత్తది కొనేద్దామని కూర్చున్నాను. ఏ పెట్టె చూసినా పెద్ద అక్షరాల్లో కనిపించేది వాట్లే. 1200, 1600, 2000. తొమ్మిదేళ్ల కిందట నేను దీన్ని ఎంచుకున్నది కూడా ఆ అంకె చూసే. అది యంత్రం తినే కరెంటు లెక్క, చేసే పని లెక్క కాదు. ఎద్దు ఎంత మేత మేస్తుందో చెప్పి, ఎంత దున్నుతుందో చెప్పకుండా అమ్మినట్టు. ఐరోపా సమాఖ్య 2014 సెప్టెంబరులో ఇళ్లలో వాడే వాక్యూమ్ క్లీనర్లకు 1600 వాట్ల హద్దు పెట్టింది, 2017 సెప్టెంబరు నుంచి దాన్ని 900కు దించింది. అందువల్ల అక్కడి ఇళ్లు దుమ్ములో మునిగిపోలేదు. తయారీదారులు ఫ్యాను రెక్కలను, గాలి వెళ్లే దారిని, నేలకు ఆనే మూతిని సరిచేసుకున్నారు.

అసలు చూడవలసినవి రెండు: యంత్రం ఎంత బలంగా లాగుతుంది, ఎంత గాలిని లాగుతుంది. మొదటిది పీడనం, కిలోపాస్కల్‌లలో ఉంటుంది. రెండవది ప్రవాహం, సెకనుకు ఇన్ని లీటర్లు అని చెబుతారు. రెండింటినీ గుణిస్తే వచ్చేదే గాలికి అందిన వాట్లు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. గొట్టం మూసేస్తే పీడనం గరిష్ఠం, ప్రవాహం సున్నా. పూర్తిగా తెరిస్తే ప్రవాహం గరిష్ఠం, పీడనం దాదాపు సున్నా. రెండు గరిష్ఠాలూ ఒకేసారి దొరకవు. గరిష్ఠంగా 20 కిలోపాస్కల్‌లు, సెకనుకు 30 లీటర్లు ఇచ్చే యంత్రం ఉందనుకుందాం. గుణిస్తే 600 వస్తుంది, కానీ నడిమధ్యన పని చేసేటప్పుడు దక్కేది అందులో సుమారు పావు వంతు, అంటే 150 వాట్లు. మిగిలిన కరెంటంతా వేడికి, మోతకు పోతుంది.

రెండవ రోజు

ముందు ఇంటి అవసరాలు రాసుకున్నాను. నేల చాలావరకు నున్నగా ఉంటుంది. ఒక తివాచీ, నాలుగు పరుపులు, ఒక సోఫా ఉన్నాయి. అమ్మకు దుమ్ము లేస్తే తుమ్ములు ఆగవు.

నున్నటి నేలకు పెద్ద పీడనం అక్కర్లేదు. దుమ్ము పైపైనే ఉంటుంది కాబట్టి దాన్ని మోసుకుపోయేంత గాలి ఉంటే చాలు. తివాచీ సంగతి వేరు. పోగుల మధ్య దిగిన ఇసుకను కదిలించడానికి తిరిగే బ్రష్ కావాలి, లాగడానికి పీడనం కావాలి. పరుపుల దగ్గర ఇంకో సమస్య ఉంది. అక్కడి దుమ్ములో తుమ్ములు తెప్పించేది చాలావరకు కంటికి కనబడని ధూళి పురుగుల రెట్ట. యంత్రం ముందు నుంచి పీల్చి వెనక నుంచి వదిలితే అమ్మకు మేలు కాదు, కీడు. అందుకే మా ఇంట్లో యంత్రం ఏం పీలుస్తుందన్న దానికన్నా వెనక నుంచి ఏం వదులుతుందన్నదే పెద్ద ప్రశ్న.

సంచి ఉన్నదా, లేనిదా అనే చర్చ కూడా ఇక్కడే తేలింది. సంచి లేని వాటిలో గాలి సుడి తిరుగుతుంది. బరువైన రేణువులు అంచుకు విసిరివేయబడి డబ్బాలో పడతాయి. చిన్నవి ఫిల్టర్ దాకా వస్తాయి. ఇంటికి సరిపోయే సుడిగాలి యంత్రం కోసం జేమ్స్ డైసన్ అనే బ్రిటిష్ ఆవిష్కర్త 5,127 నమూనాలు చేశాడంటారు. ఆ ఓపికకు దండం పెట్టవలసిందే. అయితే డబ్బా ఖాళీ చేసేటప్పుడు మేఘంలా లేచే సన్నని దుమ్ముకు ఆ నమూనాల్లో ఒక్కటీ పూర్తి జవాబు కాలేదు. సంచి ఉంటే మూతి మూసి అలాగే తీసి పారేయవచ్చు. తుమ్ములున్న ఇంట్లో నా ఓటు సంచికే.

ఇంతా రాసుకున్నాక ఒక ప్రశ్న మిగిలింది. కొత్తది బాగుందని దేనితో పోల్చి చెప్పాలి? పాతది ఎంత పాడయిందో నాకే తెలియదు. ముందు దాన్ని కొలవాలి.

నాలుగవ రోజు

కొలత పరికరం సిద్ధం: మూడు మీటర్ల సన్నని పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, ఒక బకెట్ నీళ్లు, కొన్ని చుక్కల సిరా, బెజ్జం పెట్టిన రబ్బరు బిరడా. గొట్టం కింది కొన బకెట్లో, పై కొన బిరడా గుండా యంత్రం మూతిలో. యంత్రాన్ని మేడ మెట్ల మలుపులో పెట్టాను. బకెట్ కింద ఉంది. మా అమ్మాయి టేపు పట్టుకుని మెట్ల మధ్యలో నిలబడింది.

ఇందులో పీల్చడమంటూ ఏమీ లేదని ఆమెకు చెప్పాను. యంత్రం తన కడుపులో గాలిని పలచబరుస్తుంది, అంతే. బయటి గాలి బకెట్లోని నీటిని నొక్కి గొట్టంలోకి ఎక్కిస్తుంది. అందుకే ఎంత గొప్ప యంత్రమైనా నీటిని 10.3 మీటర్లకు మించి ఎత్తలేదు. బయటి గాలి బరువు అంతే. మీటరు నీటికి 9.8 కిలోపాస్కల్‌ల లెక్కన, మంచి గృహ యంత్రం రెండు మీటర్ల చుట్టుపక్కల ఎత్తాలి. గొట్టాన్ని మూడు మీటర్లు తీసుకున్నది అందుకే. పొట్టిదైతే నీళ్లు నేరుగా మోటారులోకి పోతాయి.

మొదటి ప్రయత్నం చేతి గొట్టం, కర్ర గొట్టం అన్నీ తగిలించి చేశాం. నీలం నీరు నలభై సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. మోటారు పోయిందనే నిశ్చయానికి వచ్చేశాను. "నాన్నా, ఈ కిటికీ తెరిచి ఉంది" అంది మా అమ్మాయి, పిడి మీద వేలితో చూపిస్తూ. కర్టెన్లు దులిపేటప్పుడు బలం తగ్గించడానికి పిడి దగ్గర జరిపే చిన్న తలుపు ఉంటుంది కదా, అది సగం తెరిచి ఉంది. ఎప్పటి నుంచి అలా ఉందో! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. అది మూస్తే నీరు 1.2 మీటర్లకు ఎక్కింది.

తర్వాత ఒక్కొక్కటే విప్పుతూ వెనక్కి వచ్చాం. కర్ర గొట్టం తీస్తే 1.25. మెత్తని గొట్టం కూడా తీసి బిరడాను నేరుగా పెట్టె మూతికి పెడితే 2.05. అంటే 20 కిలోపాస్కల్‌లు. మోటారు బాగానే ఉంది, దొంగ గొట్టంలో ఉన్నాడు.

ఈ పరీక్షలో నాలుగైదు సెకన్లకు మించి నడపకూడదు. ఇలాంటి పొడి దుమ్ము యంత్రాల్లో మోటారును చల్లబరిచేది లోపలికి వచ్చే గాలే. దారి మూసేస్తే మోటారు వేడెక్కుతుంది. హద్దు దాటితే రక్షణ కోసం పెట్టిన థర్మల్ కటౌట్ దాన్ని ఆపేస్తుంది, చల్లారేదాకా మళ్లీ తిరగదు. ఇంకొకటి గమనించాను. మూతి మూయగానే మోత సన్నగా, పైస్థాయికి పోతుంది. కష్టపడుతోందని అనుకుంటాం. నిజానికి ఫ్యానుకు తోయడానికి గాలి లేక భారం తగ్గి, మోటారు వేగం పెరుగుతుంది. ఇన్నేళ్లూ ఆ కేకను బలం అనుకున్నాను. అమ్మ సామెత సరిగ్గా సరిపోయింది.

ఐదవ రోజు

గది చీకటి చేసి, మెత్తని గొట్టంలోకి టార్చి వెలుగు పంపి మెల్లగా వంచుతూ చూశాను. పిడికి కలిసే చోట, మడతల లోయలో, నెలవంకలా ఒక వెలుగు గీత. వంచినప్పుడే తెరుచుకుంటుంది, చాపితే మూసుకుంటుంది. పగటి వెలుగులో ఎన్నిసార్లు చూసినా దొరకనిది అందుకే.

ముందు టేపు చుట్టాను. సాయంత్రానికి ఊడింది. మడతలు పడే చోట టేపు నిలవదని తెలిసీ చేసిన పని కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. మరునాడు పగిలిన భాగాన్ని నాలుగు వేళ్ల మేర కోసేసి, పిడి కాలరును గొట్టం మరల మీద మళ్లీ తిప్పి బిగించాను. గొట్టం కాస్త పొట్టిదయింది, నీరు మాత్రం 1.95కు ఎక్కింది. ప్రాజెక్టు పూర్తయిందని పుస్తకంలో రాసి, కింద గీత కూడా గీశాను.

తొమ్మిదవ రోజు

గీత కొట్టివేత. తివాచీ మీద దారం ముక్క ఇంకా అక్కడే ఉంది. పాతది కాదు, పరీక్ష కోసం నేను వేసినది.

రెండు రోజులు ఆలోచించాక తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. నీటి పరీక్ష కారడాన్ని పట్టుకుంటుంది, పూడుకుపోవడాన్ని పట్టుకోదు. కొళాయి కట్టేసి ఉన్నప్పుడు లోపలి పైపు సగం పూడినా ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది. తిప్పినప్పుడే ధార సన్నమని తెలుస్తుంది. గాలిదీ అదే తీరు. గాలి కదలనంతసేపు అడ్డంకికి ఉనికి లేదు. నేను సగం యంత్రాన్నే కొలిచి పూర్తి సర్టిఫికెట్ ఇచ్చేశాను.

కాబట్టి రెండవ పరికరం కావాలి. వంద లీటర్ల పెద్ద ప్లాస్టిక్ చెత్త సంచిని గాలితో నింపి, దాని మూతిని గొట్టం చుట్టూ బిగించి, యంత్రం ఎన్ని సెకన్లలో ఖాళీ చేస్తుందో చూడటం. ఫోనులో వీడియో తీసి, స్విచ్ చప్పుడు నుంచి సంచి ముడుచుకుపోయేదాకా లెక్కపెట్టాం. సంచి చివర్లో గొట్టానికి అతుక్కుంటుంది కాబట్టి ఇది అంత కచ్చితమైన కొలత కాదు. కానీ ప్రతిసారీ ఒకేలా చేస్తే పోల్చడానికి బాగా పనికొస్తుంది.

7.4 సెకన్లు. అంటే సెకనుకు పదమూడు, పద్నాలుగు లీటర్లు. మొదటి రోజు లెక్కకు అనుకున్న ముప్పైలో సగం కూడా లేదు.

పదవ రోజు

దుమ్ము సంచి తీసి చూస్తే సగమే నిండి ఉంది. అందుకే ఇన్నాళ్లూ మార్చలేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కథ బయటపడింది. గుడ్డ పొర లోపలి వైపు తెల్లటి పొడి పూసినట్టు పేరుకుపోయింది. ఈ ఏడాది మొదట్లో అరలు బిగించడానికి గోడలకు రంధ్రాలు వేసి, ఆ పొడినంతా నేనే దీనితో లాగించాను. సిమెంటు, సున్నం, గోడ పూత పొడి లాంటివి సంచిని నింపవు, దాని రంధ్రాలను పూడుస్తాయి. పిడికెడు చాలు. వెంట్రుకలు, నూగు, ఇసుకతో సంచి నిండా నిండినా గాలి ఎలాగో దూరుతుంది. ఈ పొడితో దూరలేదు. అందుకని సంచి ఎంత నిండిందో చూసి మార్చడం సరైన పద్ధతి కాదు, గాలి ఎంత తగ్గిందో చూసి మార్చాలి. పెట్టె మీద ఉండే ఎర్ర సూచిక చూసేది కూడా పీడనంలో తేడానే. గొట్టంలో సాక్సు ఇరుక్కున్నా అది సంచి నిండిందనే చెబుతుంది.

కొత్త సంచి వేస్తే 4.6 సెకన్లు. సంచికీ మోటారుకూ మధ్య ఉండే స్పాంజి ఫిల్టర్ బొగ్గు ముక్కలా ఉంది. గోరువెచ్చని నీటితో, సబ్బు లేకుండా, నీరు తేటగా వచ్చేదాకా పిండాను. పదకొండు సార్లు. ఆరబెట్టి పడుకున్నాను.

పదకొండవ రోజు

ఇక్కడ నా తొందర గురించి రాయాలి. స్పాంజి పైకి పొడిగా అనిపించింది, పెట్టేశాను. పది నిమిషాలకు ఇల్లంతా తడిసిన కుక్క వాసన. తీసి చూస్తే సన్నని దుమ్ము తడికి అంటుకుని బురదగా మారి, ఉతకక ముందుకన్నా అధ్వాన్నంగా తయారయింది. మళ్లీ ఉతుకుడు. ఈసారి గాలి ఆడే నీడలో రెండు పూర్తి రోజులు. ఇరవై నాలుగు గంటలన్నది కనీస లెక్క, గాలిలో తేమను బట్టి పెంచుకోవాలి. రెండు స్పాంజిలు ఉంచుకుని మార్చి మార్చి వాడటం మేలు. హెయిర్ డ్రయ్యర్ పెడితే స్పాంజి ముడుచుకుపోయి అంచుల్లో సందులు వస్తాయి కాబట్టి ఆ అడ్డదారి వద్దు.

పదమూడవ రోజు 3.3 సెకన్లు. దారం ముక్క మొదటి తోపులోనే మాయం. అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఈసారి గీత గీయలేదు.

పదిహేనవ రోజు

1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే వంతెనల ఇంజనీరు ఒక రెస్టారెంట్‌లో కుర్చీ మెత్త మీద చేతి రుమాలు పరిచి, నోటితో గట్టిగా పీల్చాడు. దుమ్మును ఊది లేపే యంత్రాన్ని ఒకదాన్ని చూసి వచ్చి, ఊదడం కన్నా పీల్చడం నయమని ఆయనకు తోచింది. రుమాలు అడుగున నల్లని మరక పడింది. ఆ తర్వాత ఆయన చేసిన యంత్రం ఎంత పెద్దదంటే, గుర్రపు బండి మీద వీధిలోనే నిలబడి, కిటికీల గుండా గొట్టాలు ఇంట్లోకి పంపేది. నా పరీక్ష దానికి తలకిందులు. తడిపిన తెల్లని రుమాలును యంత్రం వెనక గాలి వచ్చే చోట కట్టి ఐదు నిమిషాలు నడిపాను.

వెనక భాగంలో ఒకే చోట నల్లని చుక్కలు. పక్క నుంచి చూస్తే, వెనక ఫిల్టర్ మూత మూల దగ్గర మాత్రం బూడిద రంగు గీత, అక్కడ రుమాలు అనుకోకుండా తగిలి ఉంది. రెండూ రెండు వేర్వేరు కథలు.

బూడిద గీత సంగతి తేలిక. మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీ గట్టిపడి చదునైపోయింది. ఫిల్టర్‌ను తప్పించుకున్న గాలి ఆ సందులోంచి సన్నని దుమ్మును బయటికి తెస్తోంది. ఎంత గొప్ప ఫిల్టర్ పెట్టినా గాలి దాని చుట్టూ తిరిగి పోతే ప్రయోజనం లేదు. సన్నని దుమ్మును పట్టే ఫిల్టర్ల మీద కనిపించే హెపా అనే మాటకు అర్థం 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల్లో 99.97 శాతం పట్టుకోవడం. అంతకన్నా చిన్నవి ఇంకా సులువుగా తప్పించుకుంటాయనుకుంటాం కానీ, అవి తిన్నగా పోలేక అటూ ఇటూ అదురుతూ పీచుకు అంటుకుంటాయి. పెద్దవి మలుపు తిరగలేక గుద్దుకుంటాయి. 0.3 దగ్గర ఉన్నవే గడుసువి. ఇంత సూక్ష్మంగా పట్టే ఫిల్టర్‌ను పెట్టుకుని, మూతకు రెండు మిల్లీమీటర్ల సందు వదలడం, తలుపుకు పెద్ద తాళం వేసి కిటికీ తెరిచి పడుకున్నట్టే. అందుకే కొనేటప్పుడు ఫిల్టర్ పేరు కాదు, యంత్రం మొత్తానికి సీలు ఉందా అని అడగాలి. పట్టీ మార్చాను. గీత పోయింది.

నల్లని చుక్కలు పోలేదు. సన్నగా, మెరుస్తూ ఉన్నాయి. దుమ్ము కాదు, కార్బన్.

పదహారవ రోజు

ప్లగ్ తీసి, పది నిమిషాలు ఆగి, మోటారు బయటికి తీశాను. ఈ మోటార్లలో తిరిగే భాగానికి కరెంటు అందించేవి రెండు కార్బన్ కడ్డీలు. కార్బన్ బ్రష్‌లు అంటారు. నిమిషానికి ముప్పై వేల చుట్లకు పైగా తిరిగే రాగి పలకల మీద స్ప్రింగు బలంతో రుద్దుకుంటూ నెమ్మదిగా అరిగిపోతాయి. ఆ పొడి వెనక గాలితో బయటికి వస్తుంది. మోటారు తర్వాత కూడా ఒక ఫిల్టర్ పెట్టేది దీని కోసమే. మాది చిరిగి ఉంది. ఒక కడ్డీ పన్నెండు మిల్లీమీటర్లు, రెండవది ఏడు. రాగి పలకల మీద నల్లని మచ్చలు కూడా ఉన్నాయి. రాత్రిపూట గాలి సందుల్లోంచి నీలి నిప్పురవ్వలు ఎక్కువగా కనిపించేవి, ఇప్పుడు అర్థమైంది.

రెండూ కలిపి మార్చాను. ఒక్కటే మారిస్తే అరుగుదల సమంగా ఉండదు. కొత్త కడ్డీ కొన చదునుగా ఉంటుంది, రాగి పలకలు గుండ్రంగా ఉంటాయి. అది ఒంపు తిరిగేదాకా తక్కువ వేగంలో, మూతి తెరిచి ఇరవై నిమిషాలు నడిపాను. మొదట రవ్వలు ఎక్కువై భయపెట్టింది, తర్వాత సన్నబడ్డాయి. మోటారు మోతలో గరగర లేదు కాబట్టి బేరింగుల జోలికి పోలేదు. ఉంటే మాత్రం నేను విప్పేవాణ్ని కాదు. ఆ వేగంలో తిరిగే ఫ్యానును సమతూకం చెడగొట్టకుండా తిరిగి కూర్చడం నాకు రాదు.

ఇరవయ్యవ రోజు

నేలకు ఆనే మూతి వంతు. దీన్ని తిప్పి చూడక ఎన్నేళ్లయిందో! వెనక చక్రాల ఇరుసులకు వెంట్రుకలు తాడులా పేనుకుపోయాయి. చక్రం తిరగక నేల మీద ఈడ్చుకుంటూ గీతలు పెడుతోంది. కత్తెర దూరదు, కుట్లు విప్పే చిన్న కొక్కేన్ని ఇరుసు వెంట నడిపిస్తే తేలిగ్గా తెగాయి. గాలితో తిరిగే తివాచీ బ్రష్ ఉన్నవారు దాని రెండు కొనలనూ చూడాలి. మధ్యలో చుట్టుకున్నవి కళ్లబడతాయి, కొనల్లో దూరినవి బేరింగును తింటాయి. బెల్టుతో తిరిగే రకమైతే బెల్టు తెగకపోయినా సాగి ఉంటుంది. తివాచీకి ఆనించగానే మోటారు తిరుగుతూ బ్రష్ ఆగిపోతోందంటే మార్చవలసిందే, అయితే వేలు పెట్టే పని ప్లగ్ తీశాక మాత్రమే.

ఇక ఇంట్లో అందరికీ చెప్పినవి: నీళ్లు, వేడి బూడిద, పెద్ద గాజు పెంకులు దీనితో తీయవద్దు. పాదరసం ఉన్న థర్మామీటరు గానీ పాత రకం ట్యూబులైటు గానీ పగిలితే అసలే వద్దు, పాదరసాన్ని ఆవిరి చేసి గదంతా చల్లుతుంది. గోడ పొడికి చీపురు, తడి గుడ్డ. ఈ చివరిది చెప్పేటప్పుడు అందరూ నా వైపే చూశారు.

ఇరవై నాలుగవ రోజు

ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్తది కావాలా?

పాతది బలంలో లోటు లేదు. కానీ అది ఏడు కిలోల పెట్టె. రోజూ మధ్యాహ్నం నేల మీది చిన్న చెత్త కోసం దాన్ని లాగి, తీగ పరిచి, మళ్లీ చుట్టి పెట్టడం అమ్మ వల్ల కాదు. పీడనం, ప్రవాహం కొలిచిన నేను ఆమె మోచేతిని కొలవలేదు. పక్కింటివారి తీగలేని కర్ర క్లీనర్‌ను ఒక పూట అడిగి తెచ్చాను. అమ్మ చేతికిస్తే మంచం కిందికి, బీరువా పక్కకి అలవోకగా పోనిచ్చింది. నీటి గొట్టానికి పెడితే మామూలు వేగంలో 0.7 మీటర్లు, గరిష్ఠ వేగంలో 1.9. ఆ గరిష్ఠం ఎనిమిది నిమిషాల్లో బ్యాటరీని ఖాళీ చేసింది. ప్రకటనల్లో చెప్పే నిమిషాలు మామూలు వేగానివి, ప్రకటనల్లో చెప్పే బలం గరిష్ఠ వేగానిది. రెండూ ఒకే పెట్టె మీద పక్కపక్కనే ఉంటాయి, ఒకే సమయంలో ఉండవు.

పరుపులు, తివాచీ పాతదానికే వదిలి, రోజువారీ పనికి తేలికైన కర్ర రకం ఒకటి తీసుకోవాలని నిర్ణయించాం. ఎంచుకునేటప్పుడు నేను అడిగినవి వాట్లు కావు. బ్యాటరీని ఇంట్లోనే ఊడదీసి మార్చవచ్చా? ఫిల్టర్, బ్రష్ విడిగా దొరుకుతాయా? బరువు చేతి దగ్గర ఉందా, నేల దగ్గర ఉందా? మొత్తం బరువు ఒకటే అయినా మోటారు పిడి దగ్గర ఉంటే మణికట్టు మోస్తుంది, కింద ఉంటే నేల మోస్తుంది. చివరిదాన్ని అమ్మే తేల్చింది. మూడింటిని పట్టుకుని చూసి, నేను లెక్కల్లో మూడో స్థానం ఇచ్చినదాన్ని చేతిలోంచి దించలేదు. దాన్నే తెచ్చాం. డబ్బా ఖాళీ చేయడం నా పని, ఇంటి బయట, గాలి వీచే వైపుకు వీపు పెట్టి కాదు, ఎదురుగా కాదు, పక్కగా నిలబడి. వీపు వైపు నుంచి గాలి వస్తే సుడి తిరిగి ముఖానికే కొడుతుందని దాన్ని తెచ్చిన రెండవ రోజే తెలిసింది.

దీని లిథియం బ్యాటరీకి వేడి పడదు. వాడిన వెంటనే చార్జింగుకు పెట్టకుండా చల్లారనిస్తున్నాం. ఊరికి వెళ్లేటప్పుడు నిండా కాకుండా సగం చార్జింగుతో వదిలేస్తాం.

నలభై ఒకటవ రోజు

పాతదాని మూత లోపల ఒక కాగితం అతికించాను. తేదీ, సంచి ఖాళీ అయిన సెకన్లు. మొదటి వరుస 3.3, తర్వాతది 3.5, నిన్నటిది 3.8. ఐదు దాటితే సంచి ఎంత ఖాళీగా కనిపించినా మార్చాలని కింద పెద్ద అక్షరాలతో రాసింది మా అమ్మాయి. పక్కనే నీటి గొట్టం బొమ్మ కూడా వేసింది. బకెట్ పక్కన నిలబడి నెత్తి మీద చేతులు పెట్టుకున్న మనిషిని నేనేనని చెప్పింది.

ఒక పని మిగిలి ఉంది. తీగ చుట్టుకునే మీట నొక్కితే సగం దాకా వచ్చి ఆగిపోతోంది. తీగను రెండుసార్లు పూర్తిగా లాగి, వంకరలు తీసి, తడి గుడ్డతో తుడిచి, ఆరాక వదిలితే కొంచెం నయమయింది కానీ కొంత తీగ ఇంకా బయటే ఉంటోంది. లోపలి చుట్ట స్ప్రింగు పట్టు తప్పి ఉండాలి. అది బిగువుగా చుట్టిన ఉక్కు పట్టీ, అజాగ్రత్తగా విప్పితే చేతిని కోస్తుంది. మందపాటి చేతి తొడుగులు దొరికాక వచ్చే శనివారం చూస్తాను. అప్పటిదాకా మిగిలిన తీగను చేత్తోనే చుట్టి పెడుతున్నాం.